బ్రాండో ఏసీనా, సొనేవా చెత్త లెక్కనా?

కడప ఎండకు కూలర్ ముందర కూర్చోని ఈ రెండు దీవి రిసార్టుల్లో పర్యావరణానికి ఏది మేలో అని చదివినా, పోయేంత డబ్బు యాడిది గానీ చదివేదానికేం పోయింది. పసిఫిక్ సముద్రంలో తాహితీ దగ్గర తెతియారోవా దీవిలో 2014లో తెరిచిన ది బ్రాండో ఉందే, నటుడు మార్లన్ బ్రాండో కొనుక్కున్న దీవి, ఆడ సముద్రం అడుగునుంచి చల్లటి నీళ్లు పైపులో పైకి లాగి ఆ చలువతోనే రూములు చల్లబెడతారంట, దాంతో మామూలు ఏసీకి అయ్యే కరెంటులో చానా మిగుల్తాది, సోలార్ కూడా ఉండాది. మతిపోయింది నాకైతే!

మాల్దీవుల్లో సొనేవా ఫుషి పాతది, 1995ది. వీళ్ల పట్టంతా చెత్త తగ్గించేదాని మీదే. 2008లోనే బయటి వాటర్ బాటిళ్లు ఆపేసి, దీవిలోనే నీళ్లు శుద్ధి చేసి గాజు సీసాల్లో ఇస్తాండారు, పాత గాజు కరిగించి బొమ్మలు చేస్తారు.

టెక్నాలజీలో బ్రాండోనే, కానీ ఒడ్డు పక్కనే లోతు సముద్రం లేకపోతే ఆ పైపు పనికిరాదు. అందుకే నా ఓటు సొనేవాకే, సీసాల పని యాడైనా చెయ్యొచ్చు. మొన్న గండికోట లోయ అంచున కూర్చుంటే కాళ్లకాడ అన్నీ ప్లాస్టిక్ బాటిళ్లే. ఆడికి జనం విమానాల్లో పోయే పొగ లెక్క మాత్రం ఇద్దరికీ ఉండాదిలే.