న్యూ జపాన్ ప్రో రెజ్లింగ్: పడి లేచిన కంపెనీ, ఏళ్లుగా చూస్తున్న అభిమాని సమీక్ష

జపాన్ రెజ్లింగ్ కంపెనీ న్యూ జపాన్ వాళ్ల స్ట్రీమింగ్ సర్వీస్ 2014 డిసెంబర్‌లో మొదలైంది. అప్పట్లో నెలకు 999 యెన్లు. నేను ఏళ్ల తరబడి చందా కడుతున్నాను, ఆపేద్దామని ఎప్పుడూ అనిపించలేదు. కొత్త షోల కంటే పాత మ్యాచ్‌ల కోసమే ఎక్కువ కడుతున్నానంటే నమ్మాలి. ఒక కంపెనీ ఎలా ఎదిగిందో, ఎలా చితికిపోయిందో, మళ్లీ ఎలా నిలదొక్కుకుందో అందులో కళ్లారా చూడొచ్చు.

1972లో రెజ్లర్ ఆంటోనియో ఇనోకి ఈ కంపెనీని పెట్టాడు. మన పంజాబ్‌లో పుట్టి కెనడాలో స్థిరపడ్డ టైగర్ జీత్ సింగ్ అప్పట్లో ఇనోకికి పెద్ద విలన్. 1976లో ఇనోకి ఏకంగా బాక్సర్ మహమ్మద్ అలీతో 15 రౌండ్లు తలపడ్డాడు, డ్రా అయింది. 90ల్లో ముతో, చోనో, హషిమోతో అనే ముగ్గురు రెజ్లర్లు కంపెనీని భుజాన మోశారు. 1995 అక్టోబర్‌లో టోక్యో డోమ్‌కి 67,000 మంది వచ్చారని కంపెనీ ప్రకటించింది. ఆ రాత్రి ముతో తన ప్రత్యర్థి తకాదాకు ఫిగర్ ఫోర్ (కాళ్లు మెలిపెట్టే పట్టు) వేసినప్పుడు లేచిన అరుపులు వింటే ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది.

పతనానికి బీజం వేసింది కూడా ఇనోకీయే. తన రెజ్లర్లే అసలైన వీరులని నిరూపించాలన్న పట్టుదలతో వాళ్లను రెజ్లింగ్‌లోలా ఫలితం ముందే ఖాయం కాని, నిజమైన ఫైట్లకు పంపాడు. 2001 డిసెంబర్ 31న న్యూ జపాన్ రెజ్లర్ యూజీ నగాతాను కిక్‌బాక్సర్ మిర్కో క్రోకాప్ 21 సెకన్లలో పడగొట్టాడు. రెండేళ్ల తర్వాత రష్యన్ ఫైటర్ ఫెడోర్ చేతిలోనూ నగాతా నిమిషం కాస్త దాటేసరికి ఓడిపోయాడు. నగాతా మంచి రెజ్లర్, అది అతనికి తెలిసిన ఆటే కాదు. అతని మీద జరిగింది అన్యాయమని నా అభిప్రాయం. ఈలోగా హషిమోతో, ముతో కంపెనీ వదిలి వెళ్లిపోయారు. 2004, 2005 నాటి షోలు చూస్తే ఎవరిని నమ్ముకుని ముందుకెళ్లాలో కంపెనీకే తెలియనట్టు ఉంటుంది. చివరికి 2005 నవంబర్‌లో ఇనోకి తన వాటాను యూక్స్ అనే వీడియో గేమ్ కంపెనీకి అమ్మేశాడు.

పునర్జన్మ అనగానే చాలామంది 2012లో కంపెనీని కొన్న బుషిరోడ్ అనే కార్డ్ గేమ్ సంస్థ డబ్బు గురించి, రైళ్లలో కనిపించిన ప్రకటనల గురించి చెప్తారు. అవి పనిచేసిన మాట నిజమే. కానీ అసలు క్రెడిట్ రెజ్లర్ హిరోషి తనహాషిది. 2006 జులైలో అతను మొదటిసారి ఛాంపియన్ బెల్టు గెలిచాక కూడా జనం ఎద్దేవా చేశారు. పొడవాటి జుట్టు, గాల్లో గిటార్ వాయించడం, "అందరినీ ప్రేమిస్తున్నాను" అనడం పాత అభిమానులకు అస్సలు నచ్చలేదు. అతను మాత్రం మారలేదు. ఊరూరా తిరిగి చిన్న రేడియో స్టేషన్లలో కూడా షో గురించి చెప్పుకుంటూ, ఒక్కొక్క ప్రేక్షకుణ్ణి తెచ్చుకున్నాడు. ఆ ఏళ్ల మ్యాచ్‌లు వరసగా చూస్తే, ఎగతాళి అరుపులు చప్పట్లుగా మారడం మీకే వినిపిస్తుంది. ఈ సర్వీస్‌లో నాకు అన్నిటికంటే విలువైనది అదే.

2012 ఫిబ్రవరి 12న ఒసాకాలో ఆ తనహాషినే కొత్త కుర్రాడు ఒకాదా ఓడించాడు. తర్వాత ఒకాదా, కెన్నీ ఒమేగా మ్యాచ్‌లు ప్రపంచమంతా చూసింది. 2017 జూన్‌లో గంటసేపు ఆడి డ్రా చేశారు. ఒకాదా రెయిన్‌మేకర్ (మణికట్టు పట్టి లాగి, రెండో చేత్తో మెడ మీద కొట్టే అతని దెబ్బ) కొట్టినా అవతలివాడి మణికట్టు వదలకుండా పట్టుకుని, మళ్లీ లాగి కొట్టే ఆ క్షణాలు గమనించండి. కథంతా ఆ చేతిలోనే ఉంటుంది.

లోపాలు లేవా? ఉన్నాయి. షోలు మరీ పొడవు. మొదట్లో వచ్చే ఆరుగురి ట్యాగ్ మ్యాచ్‌లు (ముగ్గురేసి జట్లుగా ఆడేవి) నేను దాటేస్తాను. ప్రధాన మ్యాచ్‌ల్లో పక్కవాళ్లు దూరి చెడగొట్టే అలవాటు కొన్నేళ్లుగా శ్రుతి మించింది. 2024లో ఒకాదా, ఓస్‌ప్రే అమెరికన్ కంపెనీకి వెళ్లిపోవడంతో లోటు బాగా తెలుస్తోంది. అయినా తనహాషి ప్రెసిడెంట్ అయ్యాక సుజీ, ఉఎమురా లాంటి కుర్రాళ్లకు ధైర్యంగా అవకాశాలిస్తున్నారు, అందుకే నాకు నమ్మకం పోలేదు.

కొత్తగా చందా కట్టేవాళ్లు 2013 ఆగస్టు జీ వన్‌లో (కంపెనీ ఏటా జరిపే టోర్నీ) ఇషీ, షిబాతా మ్యాచ్‌తో మొదలుపెట్టండి. పావుగంట కూడా పట్టదు. నచ్చితే 2012 ఒసాకాలో జరిగిన ఆ తనహాషి, ఒకాదా మ్యాచ్‌కి వెళ్లండి. జపాన్ మనకంటే మూడున్నర గంటలు ముందుంటుంది కాబట్టి అక్కడి సాయంత్రం షోలు మనకు మధ్యాహ్నమే లైవ్‌లో దొరుకుతాయి, నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు.