కారు అమ్మేశాక: గంటల లెక్కన అద్దె బండి

మా కారు వారంలో ఆరు రోజులు కవర్ కప్పుకుని అలాగే ఉండేది. నడపకపోయినా ఇన్సూరెన్స్ కట్టాల్సిందే. బ్యాటరీ దిగిపోతుంది, టైర్ల రబ్బరు గట్టిపడి పగుళ్లు వస్తాయి. అమ్మేశాను. ఏడాదిగా అవసరమైనప్పుడు సెల్ఫ్ డ్రైవ్ కారు, అంటే డ్రైవర్ లేకుండా మనమే నడుపుకునే అద్దె కారు, తీసుకుంటున్నాను.

బండ్లు బాగుంటాయి. కానీ తాళం తీసేముందు చుట్టూ తిరిగి ప్రతి గీతకీ ఫోటో తీసుకోండి. ఒకసారి వెనక బంపర్ మీది పాత గీత నా ఖాతాలో వేశారు. బయల్దేరేటప్పుడు తీసిన ఫోటో చూపించాకే డిపాజిట్ వెనక్కి వచ్చింది, అదీ రెండు వారాల టెన్షన్ తర్వాత. సెలవు రోజుల్లో ముందే బుక్ చేసుకోకపోతే దొరకవు. అర్ధరాత్రి ఆస్పత్రికి పరుగెత్తాల్సిన ఇల్లయితే దీన్నే నమ్ముకోవద్దు.

నాకు మాత్రం హాయిగా ఉంది. దగ్గరి పనులకు నడిచే వెళ్తున్నాను. కారు నిలిపిన చోట ఇప్పుడు మా పాప సైకిల్ నేర్చుకుంటోంది.