పదకొండేళ్లుగా ఆడుతున్న పాత సీసపు బొమ్మలు

నా దగ్గరున్న మినియేచర్లన్నిట్లో, అంటే బల్ల మీద ఆడే యుద్ధపు ఆటల్లో వాడే చిట్టి బొమ్మల్లో, ఎక్కువ ఆటలు ఆడింది ఒక గాబ్లిన్, కథల్లో కనిపించే పొట్టి భూతం. చూపుడు వేలి చివరి కణుపంత ఎత్తు కూడా ఉండదు. కాళ్ల కింది పట్టీ మీద 1985 అన్న అంకె పోతలోనే వచ్చింది. పదకొండేళ్ల కిందట పాత బొమ్మల మూట ఒకటి కొంటే అడుగున దొరికింది. చేతిలో ఈటె విరిగిపోయింది, మందపాటి ఎనామిల్ రంగు కింద ముఖం పూర్తిగా మునిగిపోయింది. ఆ రంగు ఊడదీసినప్పుడు బయటపడ్డ నవ్వు చూసి ఈ పనిలోకి దిగాను. అప్పటి నుంచి నూట ఎనభై దాకా పాత బొమ్మలు నా బల్ల మీదకు వచ్చాయి. కొన్నిటికి రంగులే వేశాను, చాలావాటిని కోసి, వంచి, కొత్త మనుషులుగా మార్చాను. అన్నిటినీ ఆటలో వాడాను. అద్దాల బీరువాలో పెట్టి చూసుకునేవాళ్లకు ఈ సమీక్ష అంతగా పనికిరాకపోవచ్చు.

పాత బొమ్మలంటే నా లెక్కలో 1970ల మధ్య నుంచి 1990ల మొదటి దాకా పోతపోసినవి. అమెరికాలో రాల్ పార్థా, గ్రెనడియర్, ఇంగ్లండ్‌లో 1978లో మొదలైన సిటడెల్ వాటిని చేసిన కంపెనీల్లో పెద్ద పేర్లు. అప్పట్లో సీసం, తగరం కలిపిన లోహం వాడేవాళ్లు. సీసం విషమన్న ఆందోళన పెరిగి 1990లలో చాలామంది సీసం లేని తెల్ల లోహానికి మారారు. మీ చేతిలో ఉన్నది ఏదో తెలియకపోతే దాని అడుగు భాగాన్ని తెల్ల కాగితం మీద గట్టిగా గీసి చూడండి. సీసం పాలు ఎక్కువున్నది పెన్సిల్ గీతలా బూడిదరంగు చార వదులుతుంది.

బొమ్మలను మార్చేవాళ్లకు సీసపు ఈ మెత్తదనమే పెద్ద వరం. గట్టి తెల్ల లోహం, రెజిన్ వంచబోతే టక్కున విరుగుతాయి. సీసం మాట వింటుంది. చెయ్యి పైకెత్తాలన్నా, నడుము కొంచెం పక్కకు తిప్పాలన్నా వేళ్లతోనే అయిపోతుంది. పట్టకారు వాడితే దవడలకు గుడ్డ చుట్టాలి, లేకపోతే పళ్ల గుర్తులు పడతాయి. తొందరపడకుండా, ఒకేసారి కాకుండా, నాలుగైదు దఫాల్లో కొంచెం కొంచెంగా వంచాలి. చీలమండలు, మణికట్లు మాత్రం సన్నగా ఉంటాయి. అక్కడ రెండు మూడు సార్లు అటూ ఇటూ వంచితే తెగిపోతుంది. నా చేతిలో ఇప్పటిదాకా ఏడు చీలమండలు తెగాయి. అన్నిటికీ వైద్యం ఒకటే: చేతి డ్రిల్‌తో రెండు వైపులా సన్నటి రంధ్రం చేసి, 0.8 మిల్లీమీటర్ల ఇత్తడి తీగ ముక్క దూర్చి, సూపర్ గ్లూతో అతకడం. వట్టి జిగురు మీద నిలబెట్టిన కాలు రెండో ఆటకే ఊడుతుంది. లోపల తీగ ఉన్నవి ఏళ్లు గడిచినా కదల్లేదు.

నాకు బాగా నచ్చిన మార్పు ఒకటి చెబుతాను. కత్తి మొదలంటా విరిగిన ఒక యోధుడు దొరికాడు. బొమ్మ రెండు చేతులతో కత్తి పట్టుకుని ముందుకు వంగి ఉంది. పిడికిళ్ల మధ్య రంధ్రం చేసి, కత్తి స్థానంలో తీగతో పొడవాటి కర్ర పెట్టాను. కర్ర చివర పుట్టీతో చిన్న లాంతరు చేశాను. దాంతో ఆ వంగిన ఒళ్లు దాడికి దూకుతున్నట్టు కాకుండా చీకట్లో దారి వెతుక్కుంటున్నట్టు కనిపించింది. మెడను ఒక్క పిసరు ఎడమకు తిప్పి చూపును లాంతరు వెలుగు పడే వైపు మళ్లించాను. పట్టుమని ఇరవై నిమిషాల పని కాదది, కానీ బొమ్మ కథే మారిపోయింది. ఇప్పుడతను మా ఫ్రాస్ట్‌గ్రేవ్ ఆటలో నిధులు వెతికే మనిషి.

పుట్టీ సంగతికొస్తే, నీలం, పసుపు పట్టీలు కలిపితే పచ్చగా మారే గ్రీన్ స్టఫ్‌నే ఇన్నేళ్లూ వాడాను. రెండు రంగులూ పక్కపక్కనే అంటుకుని వచ్చే రకమైతే, అవి కలిసే సన్నటి మధ్యభాగాన్ని కోసి పారేయాలి. అక్కడ అప్పటికే గట్టిపడి ఉంటుంది. కలిపితే పలుకులు పలుకులుగా తగిలి పని పాడవుతుంది. పసుపు పాలు పెంచితే మెత్తగా, జిగురుగా ఉండి బట్ట మడతలకు, వెంట్రుకలకు బాగుంటుంది. నీలం పెంచితే గట్టిగా ఆరి ఆయుధాల అంచులకు నప్పుతుంది. కలిపిన అరగంట దాకా నేను ముట్టుకోను. కొంచెం బిర్రెక్కాకే గీత నిలుస్తుంది. పనిముట్టును నీళ్లలో తడుపుతూ ఉండాలి, పూర్తిగా ఆరడానికి ఒక రోజు ఇవ్వాలి. కత్తి అంచులాంటి పదునైన ఆకారాలకు మాత్రం ఇది నాకు ఎప్పుడూ తృప్తినివ్వలేదు, ఆరాక కూడా రబ్బరులా సాగుతుంది. అలాంటి చోట రాయిలా గట్టిపడే మిల్లిపుట్ అనే ఇంకో పుట్టీ కలిపి, ఆరాక ఆకురాయి పెడతాను.

అరుదైన బొమ్మను కోయడం తప్పు కాదా అని నన్ను చాలామంది అడిగారు. మంచి స్థితిలో ఉన్న అరుదైన బొమ్మ మీద రంపం పెట్టడం నాకు ఇష్టం లేదు. విరిగినవి, ముక్కలు పోయినవి, వేలల్లో పోతపోసిన మామూలు సిపాయిలు ఎన్నో ఉన్నాయి. నా మార్పులన్నీ వాటితోనే.

పాత రంగు ఊడదీయడానికి లోహపు బొమ్మలకైతే అసిటోన్ వాడతాను. మూత ఉన్న గాజు సీసాలో, కిటికీ తీసి, మంటకు దూరంగా పెడతాను. గంట నానాక పాత టూత్ బ్రష్‌తో రుద్దితే ముప్పై నలభై ఏళ్ల రంగు కూడా పొరలు పొరలుగా వచ్చేస్తుంది. సూపర్ గ్లూ అతుకులు కూడా విడిపోతాయి, అది మంచికే. కానీ మొదటి ఏడాదిలో తొందరపడి ఒక బొమ్మను ప్లాస్టిక్ డాలుతో సహా వేసేశాను. తీసేసరికి డాలు బంకలా మారిపోయింది. ఆ బొమ్మతో పాటే వచ్చిన అసలు డాలు అది, మళ్లీ దొరకలేదు. ఇప్పుడు ప్లాస్టిక్ ముక్క గానీ, కాళ్ల కింద ఉండే ప్లాస్టిక్ దిమ్మ (బేస్) గానీ ఏదైనా అంటుకుని ఉందేమో ఒకటికి రెండుసార్లు చూసి గానీ వేయను. ఒక్క బొమ్మ రంగు మాత్రం ఊడదీయకుండా అలాగే ఉంచాను. ఎవరో పిల్లవాడు వేసినట్టుంది, నడుముకి ఎర్రటి పట్టీ గీతకు ఇటూ అటూ పోయింది. కళ్లు మాత్రం ఎంతో శ్రద్ధగా పెట్టాడు. దాన్ని చెరిపే హక్కు నాకు లేదనిపించింది.

రంగులేసేటప్పుడు ఇప్పటి పద్ధతులన్నీ వీటి మీద పనిచేయవు. కొత్త ప్లాస్టిక్ బొమ్మల్లో చెక్కడం లోతుగా, పదునుగా ఉంటుంది. ఒక్క పూతలోనే నీడ, వెలుగు రెండూ ఇస్తామనే పలచటి రంగులు వాటి గాడుల్లోకి చక్కగా దిగుతాయి. పాత బొమ్మల అంగీలు, కేప్‌లు నున్నగా, లోతు తక్కువగా ఉంటాయి. ఆ రంగు అక్కడ నిలవలేక మరకలు మరకలుగా ఆరుతుంది. నేను మొత్తం పది బొమ్మల దళాన్ని అలా వేసి, నచ్చక, మళ్లీ మొదటి నుంచి చేశాను. బొచ్చు, గొలుసు కవచం, బుట్టల అల్లిక దగ్గర మాత్రం ఇవి ఇప్పటికీ వాడతాను, బాగుంటాయి. మిగతా చోట్ల పాత దారే: రంగు పట్టడానికి ముందు పూసే ప్రైమర్ నల్లది వేసి, పైనుంచి మాత్రమే తెల్ల ప్రైమర్ చల్లి, వెలుగు ఎక్కడ పడుతుందో చూసుకుని, పలచని పొరలు ఒకదాని మీద ఒకటి.

పాత బొమ్మల ప్రాణమంతా ముఖాల్లోనే ఉంది. గాబ్లిన్ మాస్టర్ అని పేరుపడ్డ కెవ్ ఆడమ్స్ చెక్కిన గాబ్లిన్లు, వాటికంటే పెద్ద భూతాలైన ఓర్క్‌ల ముఖాలు చూడండి: వేలాడే ముక్కు, వంకర పళ్లు, ముడుతలు పడ్డ నుదురు. ఒక్కోదానికి ఒక్కో బుద్ధి ఉన్నట్టుంటుంది. నా 1985 గాబ్లిన్‌కు ముదురు ఆకుపచ్చ పునాది వేసి, ముక్కు కొసకు, కింది పెదవికి కొంచెం ఎరుపు కలిపిన పచ్చ పెట్టాను. బుగ్గ ఎముకల మీద పసుపు కలిపిన వెలుగు. కంటిగుంట మొత్తం నలుపు చేసి, దాంట్లో లేత పసుపు చుక్క, ఆ చుక్క మీద సూదిమొనంత నలుపు. ఆ ఆఖరి చుక్క పెట్టేటప్పుడు ఊపిరి బిగబట్టి, రెండు మణికట్లూ బల్ల అంచుకు ఆనించుకుంటాను. చుక్క కొంచెం ముక్కు వైపు పెడితే కుట్ర పన్నుతున్నట్టు, పైకి పెడితే భయపడ్డట్టు కనిపిస్తుంది. నాది భయపడ్డ గాబ్లిన్.

దీనికి కుంచె ముఖ్యం. నేను కొలిన్‌స్కీ సేబుల్ అనే జంతువు వెంట్రుకల కుంచెల్లో 1వ సైజు వాడతాను. చిన్నపనికి 000 కావాలనుకుంటారు చాలామంది. అంత సన్న కుంచె పొట్టలో రంగు నిలవదు, కొస బొమ్మకు తగిలేలోపే ఆరిపోతుంది. కొస పదునుగా ఉంటే 1వ సైజుతోనే కన్ను పెట్టొచ్చు. రంగును లోహపు కట్టు దాకా ఎక్కనివ్వకుండా, పని అయ్యాక సబ్బుతో కడిగి కొసను వేళ్లతో సరిచేస్తే రెండేళ్లయినా ఉంటుంది. రంగు ఆరిపోకుండా, తడి స్పాంజి మీద బేకింగ్ పేపర్ పరిచిన పళ్లెం కూడా పెట్టుకోండి, ఎంత తేడా ఉంటుందో మొదటి రోజే తెలుస్తుంది.

ఇక సీసం వ్యాధి. ఎక్కువమందికి తెలియనిదీ, ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. ఓక్ లాంటి చెక్కలు, కొన్ని రకాల అట్టలు నెమ్మదిగా ఎసిటిక్ ఆమ్లం ఆవిరి వదులుతాయి. మూసిన సొరుగులో ఆ ఆవిరి సీసాన్ని తినేసి తెల్లటి పొడిగా, సీసపు కార్బనేట్‌గా మారుస్తుంది. ఒకప్పుడు చిత్రకారులు వాడిన సీసపు తెలుపు ఈ జాతిదే. రంగు వేయాల్సిన పన్నెండు బొమ్మల్ని ఒక చెక్క సొరుగులో పెట్టి ఏడాదిన్నర మర్చిపోయాను. తెరిచేసరికి కాళ్ల మీద, బేసుల కింద పిండి చల్లినట్టుంది. ఒకదాని చెయ్యి ముట్టుకోగానే రాలిపోయింది. తొమ్మిదిటిని నీళ్ల కింద మెత్తటి బ్రష్‌తో కడిగి, ఆరబెట్టి, వెంటనే ప్రైమర్ వేసి కాపాడుకున్నాను. ఏడేళ్లయింది, వాటి మీద పొడి మళ్లీ రాలేదు. ఇప్పుడు అన్నీ ప్లాస్టిక్ డబ్బాల్లోనే, కొత్తగా వచ్చినవి వారంలోపే ప్రైమర్ కింద.

ఆ పొడి విషం. ఆకురాయి పెట్టేటప్పుడు రాలే పొడీ అంతే. తడిపి ఆకురాయి పెట్టండి, మాస్క్ పెట్టుకోండి, తినే బల్ల మీద ఈ పని పెట్టుకోకండి, లేవగానే చేతులు కడగండి. ప్రతీదీ నోట్లో పెట్టుకునే వయసు పిల్లలున్న ఇంట్లో వీటిని తాళం వేసిన చోటే ఉంచాలి. అది కుదరకపోతే ప్లాస్టిక్ బొమ్మలతో ఆడుకోవడమే మంచిది.

ఆట విషయానికొస్తే, ఇటుపక్క పది, అటుపక్క పది మించని స్కర్మిష్ ఆటలకు ఇవి చేసిపెట్టినట్టుంటాయి. 1999లో వచ్చిన మోర్ధీమ్, 2015లో వచ్చిన ఫ్రాస్ట్‌గ్రేవ్ రెండూ ఆడాను. రెండింటిలోనూ ప్రతి బొమ్మకూ పేరు, గాయం, అనుభవం ఉంటాయి. అందుకే మార్చి చేసిన బొమ్మకు విలువ. మోర్ధీమ్‌లో మనిషి కాలికి గాయమైతే మరుసటి ఆటకు నేను చేతికర్ర పెట్టిన రోజులున్నాయి. అరవై బొమ్మల సైన్యం కావాలనుకునేవాళ్లకు మాత్రం వీటి బరువు, పనిభారం రెండూ ఎక్కువే.

కొలత ఒక్కటే ఇబ్బంది. ఇవి 25 మిల్లీమీటర్ల లెక్కన చేసినవి, ఇప్పటివి 28 నుంచి 32 దాకా పెరిగాయి. పక్కపక్కన పెడితే పాత ఓర్క్ కొత్త మనిషికి తమ్ముడిలా ఉంటాడు. 25 మిల్లీమీటర్ల గుండ్రటి బేస్ మీద మూడు మిల్లీమీటర్ల కార్క్ ముక్క రాయిలా చెక్కి దాని మీద నిలబెడతాను. ఒక దళమంతా ఒకే కాలం బొమ్మలతో చేస్తే అసలు ఆ తేడాయే కనిపించదు.

వాడకంలో అరిగేది రంగే. లోహం వంగితే మీది రంగు పగులుతుంది. అందుకే ముందు మెరిసే వార్నిష్ గట్టి పొర, దాని మీద మాట్ వార్నిష్. గాలిలో తేమ ఎక్కువున్న రోజు మాట్ స్ప్రే కొట్టి ఒక దళం మొత్తం తెల్లటి మంచు పట్టినట్టు చేసుకున్నాను. ఆ సాయంత్రం పడ్డ టెన్షన్ ఇంతా అంతా కాదు. మెరిసే వార్నిష్ కుంచెతో పలచగా రాస్తే ఆ తెలుపు చాలావరకు పోయింది. అప్పటి నుంచి మాట్ వార్నిష్ కూడా కుంచెతోనే.

గాబ్లిన్ ఈటెను మొదట సీసంతోనే చేశాను, ప్రతి ఆటకూ వంగిపోయేది. ఇప్పుడున్నది గుండుసూదితో చేసిన మూడో ఈటె. పిడికిలి గుండా, చంక కింద నుంచి బేస్ దాకా దిగి ఉంటుంది, బొమ్మ కింద పడ్డా ముందు నేలను తాకేది అదే. నిన్న ముక్కు కొసన రంగు లేచి బూడిదరంగు లోహం కనిపించింది. పచ్చలో కొంచెం ఎరుపు కలిపి పెట్టుకున్నాను, ఈ రాత్రి సరిచేయాలి.