టిల్లర్ క్లచ్చా, ఆటో డిఫరెన్షియలా, జీపు స్టీరింగా? నీళ్లలోకి దిగే బండికి ఏది మేలు

శ్రీకాకుళం జిల్లాలో నదికి దగ్గరగా ఉన్న ఏ ఊళ్లోనైనా రెండు కిలోమీటర్లు నడిస్తే చాలు, దమ్ము పట్టిన మడి, ఓ గెడ్డ (వాగు), మోకాలి దాకా దిగబడే ఇసుక మేట, మళ్లీ తారు రోడ్డు అన్నీ తగులుతాయి. ఇలాంటి చోట నేలమీదా నీళ్లలోనూ నడిచే బండి సొంతంగా కట్టుకోవాలన్న కోరిక పుట్టడంలో వింతేమీ లేదు. పడవలాంటి తొట్టి, గాలి తక్కువ కొట్టిన ఆరు లావు టైర్లు, తొట్టి లోపల చైన్లు. నీళ్లలో ఆ టైర్ల గళ్లే తెడ్లు. కెనడా వాళ్ల ఆర్గో బండ్లు ఈ పద్ధతిలోనే నడుస్తాయి.

మొదలుపెట్టిన ప్రతివాళ్లూ ముందు ఇంజిన్ గురించి అడుగుతారు. ఇంజిన్ ఏదో ఒకటి సర్దుకోవచ్చు. అసలు తేల్చుకోవాల్సింది బండి పక్కకి ఎలా తిరుగుతుందన్నది. గేర్‌బాక్స్, బ్రేకులు, తొట్టికి పడే కన్నాలు, చివరికి బండి పొడవు కూడా దాన్నిబట్టే ఉంటాయి. మన దగ్గర పాత సామాన్ల కొట్లలో దొరికేవాటితో అయితే మూడు దార్లున్నాయి.

జీపు పద్ధతిని ముందే పక్కన పెట్టేస్తాను. ముందు చక్రాలు పక్కకి తిరిగే స్టీరింగ్ తారు రోడ్డు మీద హాయిగా ఉంటుంది. టైరు అరగదు, ఇంజిన్ మీద భారం పడదు. కానీ తిరిగే చక్రానికి పవర్ ఇవ్వాలంటే ఇరుసు తొట్టి దాటి బయటికొచ్చే చోట కీలు ఉండాలి, ఆ కీలు మీద రబ్బరు బూటు ఉండాలి, స్టీరింగ్ రాడ్లకి వేరే కన్నాలు కావాలి. తీరం వెంట మొగలి పొదల్లో, తుమ్మ ముళ్లలో ఆ బూటు ఎంతకాలం నిలుస్తుంది? చిరిగితే నీళ్లు నేరుగా లోపలికే. పైగా నడిచి వెళ్లేంత వేగంలో, నీళ్లలో ముందు చక్రం పక్కకి తిప్పినా బండి పెద్దగా మాట వినదు. మీ దారిలో పది కిలోమీటర్లు తారు, చివర్లో ఒక్క గెడ్డ ఉంటే మాత్రం ఇదే నయం. (అలాంటప్పుడు మామూలు ట్రాలీ మీద చిన్న పడవ వేసుకుపోతే ఇంకా నయం, అది వేరే సంగతి.)

మిగతా రెండింటిలోనూ చక్రాలు పక్కకి తిరగవు. ఎడమ వైపు మూడు ఒక చైన్ జట్టు, కుడి వైపు మూడు ఇంకో జట్టు. ఒక జట్టు ఆగి ఇంకోటి నడిస్తే బండి నేలని ఈడ్చుకుంటూ తిరుగుతుంది. ఇరుసు తిన్నగా బయటికొస్తుంది కాబట్టి గుండ్రటి కన్నం, ఒక ఫ్లాంజ్ బేరింగ్, రెండు ఆయిల్ సీళ్లు, వాటి మధ్య గ్రీజు ఉంటే చాలు. చైన్లు తొట్టి లోపలే ఉండటంతో బురద అంటదు. ఇంతవరకూ రెండూ ఒకటే. తేడా అంతా ఆ రెండు జట్లకీ పవర్ పంచే చోటే ఉంది.

పవర్ టిల్లర్ గేర్‌బాక్స్‌లో ఆ ఏర్పాటు ముందే ఉంది. రెండు పిడుల కింద రెండు స్టీరింగ్ క్లచ్‌లు. ఎడమది నొక్కితే ఎడమ చక్రానికి పవర్ తెగిపోతుంది, కుడి చక్రం తోస్తుంది, బండి ఎడమకి తిరుగుతుంది. గేర్లు బురదలో పనికి తగ్గట్టే తక్కువ వేగానికి ఉంటాయి. క్లచ్‌లు వదిలేస్తే రెండు వైపులా కలిసి ఒకే వేగంతో తిరుగుతాయి. ఒక వైపు జారినా రెండోది లాగుతూనే ఉంటుంది. పోత ఇనుము బరువు ఎక్కువే, ఇద్దరు మనుషులు సులువుగా ఎత్తేది కాదు.

ఆటో గేర్‌బాక్స్ తేలిక. వెనక ఇంజిన్ ఆటోలో ఇంజిన్, గేర్లు, రివర్స్, డిఫరెన్షియల్ (పవర్‌ని రెండు వైపులా పంచుతూ, రెండు చక్రాలూ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే పళ్ల చక్రాల జట్టు) అన్నీ ఒకే ముద్దగా వస్తాయి. డిఫరెన్షియల్ నుంచి వచ్చే రెండు షాఫ్టుల మీద ఒక్కో డిస్క్ బ్రేకు పెట్టి, రెండు పిడులు ఇస్తే స్టీరింగ్ అయిపోయింది. ఒక వైపు పూర్తిగా ఆపితే అవతలి వైపు రెట్టింపు వేగంతో తిరుగుతుంది. ట్రాక్టరు తోలేవాళ్లకి ఇది కొత్తేమీ కాదు, మడి చివర్లో ఒక వైపు బ్రేకు తొక్కి తిప్పేది వాళ్లే. టాప్ గేర్‌లో యాభై పైచిలుకు వెళ్లే ఆటోకి చైన్‌లో 3:1 తగ్గింపు (షాఫ్టు మూడు చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు) పెట్టి, 22 అంగుళాల టైరు వేస్తే వేగం గంటకి 25 కిలోమీటర్ల దగ్గర ఆగుతుంది. ఇలాంటి బండికి అంతకంటే అక్కర్లేదు.

ఇక అసలు విషయం. నీళ్లలోకి వెళ్లే బండి ప్రతిసారీ ఒక గట్టు దిగుతుంది, ఒక గట్టు ఎక్కుతుంది. ఈ రెండు గేర్‌బాక్సులూ ఆ రెండు చోట్లలో చెరొక చోట మొరాయిస్తాయి.

టిల్లర్ దిగేటప్పుడు మోసం చేస్తుంది. వాలులో బండిని ఇంజిన్ తోయదు, పట్టుకుని ఉంటుంది. ఎడమ క్లచ్ నొక్కితే ఎడమ వైపుకి ఆ పట్టు పోతుంది, అది స్వేచ్ఛగా దొర్లుతుంది, కుడి వైపు ఇంకా పట్టుబడే ఉంటుంది. బండి కుడికి తిరుగుతుంది! టిల్లర్ నడిపే రైతు దీన్ని అలవాటు మీద తట్టుకుంటాడు, ఎందుకంటే అతను వెనకాల నడుస్తున్నాడు. మీరు లోపల కూర్చుని, ముందు నీళ్లు, పక్కన వాలు ఉన్నప్పుడు పిడి ఒక వైపు, బండి ఇంకో వైపు పోతే పక్కకి బోల్తా పడే ప్రమాదం ఉంది. క్లచ్ తర్వాత ఒక్కో వైపు బ్రేకు కూడా పెట్టి, పిడి మొదట క్లచ్ విడిపించి తర్వాత బ్రేకు పట్టేలా చేస్తే చాలావరకు సరిపోతుంది. కానీ పిడి సగం లాగిన క్షణంలో తేడా అలాగే ఉంటుంది.

ఆటో డిఫరెన్షియల్ ఎక్కేటప్పుడు సతాయిస్తుంది. ఒడ్డుకి ఏటవాలుగా వచ్చారనుకోండి. కుడి చక్రాలు గట్టుని పట్టుకున్నాయి, ఎడమవి ఇంకా నీళ్లలో తేలుతున్నాయి. డిఫరెన్షియల్ రెండు వైపులా సమానంగానే టార్క్ (తిప్పే బలం) పంచుతుంది కాబట్టి నీళ్లలో ఉత్తినే తిరిగే వైపు ఎంత తక్కువ తీసుకుంటే గట్టు మీది వైపుకీ అంతే అందుతుంది. ఎడమవి గిరగిర తిరుగుతాయి, కుడివి కదలవు. మందు దగ్గరే ఉంది: ఎడమ బ్రేకు కొద్దిగా లాగితే పవర్ కుడికి మళ్లుతుంది. ఒడ్డుకి తిన్నగా వస్తే ఆ అవసరమే చాలాసార్లు రాదు.

కాబట్టి నేనైతే ఆటో డిఫరెన్షియలే అంటాను. ఎక్కలేకపోతే వెనక్కి వచ్చి ఇంకో చోట ప్రయత్నించవచ్చు. దిగేటప్పుడు బండి అడ్డం తిరిగితే ఆ అవకాశం ఉండదు.

అయితే ఇందులో బ్రేకే స్టీరింగ్, దాన్ని లెక్క లేకుండా పెట్టకూడదు. మనిషితో కలిపి బండి 600 కిలోలు, మొదటి ఇరుసు నుంచి చివరి ఇరుసుకి 1.2 మీటర్లు, చక్రాల మధ్య వెడల్పు 1.15 మీటర్లు, గట్టి నేల మీద రాపిడి గుణకం 0.5 (అంటే చక్రాన్ని పక్కకి ఈడ్వాలంటే దాని మీది బరువులో సగం బలం) అనుకుందాం. ఉన్న చోటే తిరగడానికి ఒక వైపు ముందుకి, ఇంకో వైపు వెనక్కి దాదాపు నూరేసి కిలోల బలం కావాలి. ఆపిన వైపు బ్రేకు తన చక్రాల ఈడ్పుతో పాటు డిఫరెన్షియల్ నుంచి వచ్చే టార్క్‌నీ పట్టాలి. చక్రం దగ్గర అది సుమారు 570 న్యూటన్ మీటర్లు. మోటార్ సైకిల్ డిస్క్ అక్కడ చేతులెత్తేస్తుంది. అదే డిస్క్‌ని చైన్ తగ్గింపుకి ముందు, డిఫరెన్షియల్ షాఫ్టు మీద పెడితే మూడో వంతు చాలు, 190. మోటార్ సైకిల్ మంచి ముందు డిస్క్, దాన్ని బిగించి పట్టే కాలిపర్ ఆ పని చేయగలవు. తొట్టి లోపల పొడిగానూ ఉంటాయి. వేడి మాత్రం బయటికి పోవాలి, గాలి గొట్టం తప్పనిసరి.

ఆ లెక్కలోనే ఇంకో సంగతి ఉంది. అదే బరువుకి, అదే ఎడంలో ఆరు చక్రాల బదులు ఎనిమిది వేస్తే బండి పొడవు పెరిగి తిరగడానికి ఒకటిన్నర రెట్లు బలం కావాలి. అందంగా ఉంటుందని ఎనిమిదికి పోకండి. ఆరింటిలోనూ మధ్య చక్రాలకి కాస్త గాలి ఎక్కువ కొడితే చివరి వాటి మీద బరువు తగ్గి తేలిగ్గా తిరుగుతుంది.

నీళ్లలో ఎంత అవస్థ పడినా గంటకి నాలుగైదు కిలోమీటర్లే. వంశధార పొంగినప్పుడు ప్రవాహం అంతకంటే సులువుగా ఎక్కువ ఉంటుంది, కాబట్టి వరదలోకి ఈ బండితో దిగే మాట తలపెట్టొద్దు. ఇది నిలవ నీటికి, చెరువుకి, నౌపడా వైపు ఉప్పు కయ్యలకి. ఉప్పు నీళ్లలోంచి వచ్చాక మంచినీళ్లతో కడగకపోతే బేరింగులే ముందు పోతాయి.

హైడ్రాలిక్ మోటార్లు రెండు వైపులా పెట్టుకుంటే ఈ గొడవేమీ ఉండదు, వెనక్కీ ముందుకీ నున్నగా తిరుగుతుంది. ఖర్చూ, వేడీ ఇంటి పనికి మించినవి. ఇ-రిక్షా మోటారు వైపుకొకటి పెడతామంటే, బురదలో గంటకి పది కిలోమీటర్లకే మూడు కిలోవాట్లకి పైగా కావాలి, తిరగడానికి అదనం. ఒక్కోటి ఒక కిలోవాట్ ఉండే మోటార్లతో అది కుదరదు.

ఆటో గేర్‌బాక్స్ విశాఖ ఆటోనగర్‌లో కొన్నా, విజయనగరంలో కొన్నా, గేరులో పెట్టి ఒక వైపు షాఫ్టుని చేత్తో తిప్పి చూడండి. రెండోది ఎదురు దిక్కున నున్నగా తిరగాలి. గరగరలాడినా, తిరిగే ముందు వేలెడు ఆట ఉన్నా లోపలి చిన్న పళ్ల చక్రాలు అరిగాయన్నమాట. ఆటోలో అవి మలుపుల్లోనే కాస్త కదులుతాయి. మీ బండిలో మాత్రం తిరిగిన ప్రతిసారీ పూర్తి బరువు మీద తిరుగుతాయి, కాబట్టి అరిగినది ఎంత చవగ్గా వచ్చినా కొనకండి.