జీడీపీ సవరణలు: తేదీలకి ఫుల్ మార్కులు, వివరణకి అత్తెసరు

2023-24లో దేశ జీడీపీ, అంటే ఏడాదిలో దేశంలో జరిగిన మొత్తం ఉత్పత్తి విలువ, ఎంత శాతం పెరిగింది? 2024 జనవరిలో నోట్సు రాసుకున్న విజయనగరం లెక్చరరు దగ్గర 7.3 ఉంటుంది. ఫిబ్రవరి చివర రాసుకున్నవారి దగ్గర 7.6. మే నెలాఖరు లెక్క చూసి రిపోర్టు కట్టిన శ్రీకాకుళం బ్యాంకు ఆఫీసరు దగ్గర 8.2. 2025 ఫిబ్రవరిలో చూసినవాళ్లకి 9.2. నలుగురూ సరిగానే రాసుకున్నారు. జాతీయ గణాంక కార్యాలయం ఇచ్చే ఈ సేవ తీరే అంత: ముందస్తు అంచనాలు రెండు, తాత్కాలిక అంచనా ఒకటి, ఆపైన ఏడాదికోసారి సవరణ.

అంకె మారడాన్ని లోపంగా లెక్కేయకూడదు. జనవరి అంచనా వేసేనాటికి చేతిలో ఉండేవి కొన్ని నెలల పారిశ్రామిక ఉత్పత్తి సూచీ, పంటల తొలి అంచనా, పన్ను వసూళ్లలాంటి సూచికలే. కంపెనీల పూర్తి ఖాతాలు, ప్రభుత్వాల అసలు ఖర్చు, ఫ్యాక్టరీల వార్షిక సర్వే తర్వాత ఒక్కొక్కటిగా దిగుతాయి. మన దగ్గరే చూడండి. 2018లో ఖరీఫ్ తొలి అంచనా సెప్టెంబరు 26న వచ్చేసింది. తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది అక్టోబరు 11 తెల్లవారుజామున. ఆ గాలికి ఒరిగిపోయిన వరి తొలి అంకెలో ఎలా కనబడుతుంది? కోతకి ముందే కట్టిన నూర్పిడి లెక్క అది.

కాబట్టి మార్కులు వేయాల్సింది సవరణ ఎలా చేస్తున్నారన్న దానికి. తేదీల విషయంలో వంక పెట్టలేం. జనవరి మొదటి వారం, ఫిబ్రవరి చివర, మే చివర అని క్యాలెండరు ముందే చెబుతారు. టోకు ధరల సూచీ ఇంకా నిక్కచ్చి: నెల మధ్యలో తాత్కాలిక అంకె, 10 వారాలకి ఖరారు, తర్వాత ముట్టుకోరు.

తగ్గేది వివరణలో. జనవరి అంకె సగటున ఎంత కదులుతుందో పత్రికా ప్రకటన మొదటి పేజీలోనే ఉండాలి. అదేమీ పెద్ద లెక్క కాదు. జనవరి ముందస్తు అంచనా నుంచి మొదటి వార్షిక సవరణ దాకా తేడా తీయండి. 2019-20లో 5.0 కాస్తా 4.0 అయింది, తేడా మైనస్ 1.0. 2020-21లో మైనస్ 7.7 నుంచి మైనస్ 6.6, అంటే ప్లస్ 1.1. 2021-22లో 9.2 నుంచి 9.1. 2022-23లో 7.0 కదల్లేదు. 2023-24లో ప్లస్ 1.9. గుర్తులతో సహా కూడి 5తో భాగిస్తే 0.38, గుర్తులు తీసేసి భాగిస్తే 0.82. మొదటిది అంచనా ఒకవైపే మొగ్గుతోందా అని చెబుతుంది (అయిదేళ్లతో తీర్పు చెప్పేయకూడదనుకోండి). రెండోది రోజువారీ పనికొచ్చేది: జనవరిలో 7 అని వింటే అటూఇటూ ఒక పాయింటు జాగా వదులుకోవాలి.

మామూలు సవరణ వేరు, తప్పు దిద్దుకోవడం వేరు. విధానం రాసేటప్పుడు ఈ రెంటికీ వేరే పేర్లు, వేరే నోటీసులు పెట్టి తీరాలి. 2012 జనవరి పారిశ్రామిక వృద్ధి 6.8 శాతమని మార్చిలో ప్రకటించి, ఏప్రిల్‌లో 1.1కి దించారు. కారణం చక్కెర. 58.09 లక్షల టన్నులు పడాల్సిన చోట 134.08 లక్షల టన్నులు పడ్డాయి.  సంకిలి మిల్లుకి చెరకు తోలే రైతుని అడిగినా ఒక్క నెలలో అంత గానుగ ఆడదని చెప్పేవాడు. ఏ వస్తువైనా నిరుడు ఇదే నెలకి రెట్టింపు దాటితే విడుదల ఆపి, పంపినవారిని అడగాలనే నియమం ఒక్కటుంటే చాలు, ఇది ఇంట్లోనే దొరికేది.

ఆధార సంవత్సరం (ఏ ఏడాది ధరలతో లెక్క కడతారో ఆ ఏడాది) మార్పుకి నా దగ్గర మార్కులు ఇంకా తక్కువ. 2015 జనవరిలో 2011-12 ఆధారంగా కొత్త వరుస రాగానే 2013-14 వృద్ధి 4.7 నుంచి 6.9కి పోయింది. పద్ధతి మారింది, వనరులు మారాయి, సరే. కానీ 2011-12కి ముందు ఏళ్ల వరుస వచ్చింది 2018 నవంబరులో. పాత ఏళ్లను కొత్త లెక్కలోకి మార్చి ఇచ్చే తేదీ కూడా కొత్త వరుసతోపాటే ప్రకటించాలి.

వాడేవాళ్లు చేసే తప్పు కూడా ఒకటుంది. కొత్త విడుదలలోని 2023-24 మొత్తాన్ని పాత విడుదలలోని 2022-23 మొత్తంతో భాగిస్తారు. 2025 ఫిబ్రవరిలో 2022-23 వృద్ధి కూడా 7.0 నుంచి 7.6కి మారింది, అంటే కింద ఉన్న అంకె కూడా కదిలింది. వచ్చేది వృద్ధి కాదు, కిచిడీ. రెండేళ్లూ ఒకే విడుదల నుంచి తీసుకోవాలి. ఎక్సెల్‌లో పాత అంకె మీద కొత్తది కొట్టేయకుండా పక్క కాలమ్‌లో వేసి, పైన విడుదల తేదీ రాయాలి. నాలుగేళ్ల కిందటి నిర్ణయం ఏ అంకె చూసి తీసుకున్నారో ఆడిట్‌లో అడిగితే ఆ కాలమ్‌లోని అంకే జవాబు.

జిల్లా లెక్కల్లో దీనికి ఇంకో మెలిక. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం, కురుపాం, సాలూరు, పాలకొండ నియోజకవర్గాలు కలిసి పార్వతీపురం మన్యం జిల్లా అయ్యాయి. రాజాం, వంగర, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి మండలాలు శ్రీకాకుళం నుంచి విజయనగరానికి వచ్చాయి. అందుకే విజయనగరం జిల్లా ఉత్పత్తి 2021-22 నుంచి ఎంత మారిందో చెప్పేముందు, పాత ఏళ్లని కొత్త హద్దులతో మళ్లీ కట్టారా లేదా అని పట్టిక అడుగున చూడాలి. అక్కడ ఏమీ రాయకపోతే మండలాలవారీ అంకెలు తీసుకుని మీరే కూడుకోండి. అవి దొరక్కపోతే పాత హద్దుల అంకెల్నీ కొత్త హద్దుల అంకెల్నీ ఒకే గీతగా గీయకండి.