పాలు గడ్డకడితే వేడి కాపడమా, చల్లని గుడ్డా?

అమలాపురం నుంచి నరసాపురం దాకా ఏ ఇంట్లోనైనా బాలింత రొమ్ములో గడ్డ చేతికి తగిలిందంటే పొయ్యి మీద నీళ్లు కాగుతాయి. వేడి కాపడం, ఆపైన కొబ్బరినూనెతో గట్టి మర్దన. పెద్దవాళ్ల ఆపేక్షను కాదనలేం. కాపడం కాసేపు హాయిగానే ఉంటుంది, పాలు దిగడానికి కొందరికి తోడ్పడుతుంది కూడా. నా అభ్యంతరమంతా మర్దన మీదే. లోపలి పాల నాళాలు సన్నవి. చుట్టూ వచ్చిన వాపే వాటిని నొక్కి ఇరుకు చేస్తుంది. బొటనవేలితో అదిమితే కణజాలం దెబ్బతిని ఆ వాపే పెరుగుతుంది.

అందుకే 2022లో అకాడమీ ఆఫ్ బ్రెస్ట్‌ఫీడింగ్ మెడిసిన్ (తల్లిపాల విషయంలో పనిచేసే వైద్యుల అంతర్జాతీయ సంస్థ) మార్గదర్శకాలు వాపు తగ్గించే చల్లదనం వైపు మొగ్గాయి. ఐసుముక్కలను గుడ్డలో చుట్టి కాసేపు ఉంచాలి, నేరుగా చర్మానికి తగలనివ్వకూడదు. చేత్తో నిమరాలనిపిస్తే చంక వైపుగా, పసిబిడ్డ వీపు నిమిరినంత మెత్తగా. బిడ్డకు ఆకలైనప్పుడల్లా ఎప్పటిలాగే పాలు పట్టాలి. గడ్డ కరగాలని పంపుతో అదనంగా తీస్తే పాలు ఇంకా ఎక్కువ ఊరతాయి.

నా ఓటు చల్లని గుడ్డకే. జ్వరం, వణుకు వచ్చినా, ఎర్రదనం పాకుతున్నా, ఒక రోజులో నొప్పి తగ్గకపోయినా చిట్కాలు పక్కనపెట్టి డాక్టరుకు చూపించండి. అప్పుడు కూడా పాలివ్వడం ఆపకండి.