వంతు వచ్చాక ఎన్ని పనులు? రెండు ఆటల పోలిక

హన్మకొండలో మేము ఆదివారాలు కూర్చునే బల్ల మీద, ఒక్కొక్కరూ ఒక పాత్రను ధరించి పాచికలతో కథ నడిపే ఆటలైన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో కూర్పు (2014), పాత్‌ఫైండర్ రెండో కూర్పు (2019) రెండూ నడిచాయి. రెండింటిలోనూ పోరు మొదలవగానే అందరూ 20 ముఖాల పాచిక వేసి, వచ్చిన అంకెల వరుసలో వంతులు తీసుకుంటారు. మొదటిదానిలో ఆ అంకెకు చురుకుదనాన్ని, రెండోదానిలో సాధారణంగా పసిగట్టే నేర్పును కలుపుతారు. అసలు తేడా వంతు చేతికి వచ్చాకనే తెలుస్తుంది.

డంజన్స్‌లో ఒక ప్రధాన చర్య, కొంత నడక ఉంటాయి. అదనపు చర్య మాత్రం పాత్రకు అలాంటి శక్తి ఏదైనా ఉంటేనే దొరుకుతుంది. కొత్తవారు తడబడేది ఇక్కడే. గాయం మాన్పే మందు తాగడం ఏ కోవలోకి వస్తుందో తేల్చడానికి మా తమ్ముడొకడు పుస్తకం తిరగేస్తుండగా బల్ల మీది చాయ్ చల్లారిపోయింది. ఆ కూర్పు ప్రకారం అది ప్రధాన చర్యే.

పాత్‌ఫైండర్‌లో వంతుకు మూడు చర్యలు: నడకకు ఒకటి, దెబ్బకు ఒకటి, డాలెత్తడానికి ఒకటి, చాలా మంత్రాలకు రెండు. మూడుసార్లూ కొట్టవచ్చు గానీ, మామూలు ఆయుధంతో దెబ్బ తగులుతుందో లేదో చూసే పాచిక అంకెలో రెండో దెబ్బకు 5, మూడో దెబ్బకు 10 తగ్గుతాయి కనుక, మూడో చర్యతో వెనక్కి జరిగి, శత్రువు తన చర్యను మన దగ్గరికి రావడానికే ఖర్చు పెట్టేలా చేయడం లాభం. డంజన్స్‌లో అలా జరిగితే దాదాపు ఏ శత్రువైనా వెనుక నుంచి ఒక దెబ్బ వేయగలదు. పాత్‌ఫైండర్‌లో ఆ నేర్పు కొందరు శత్రువులకే ఉంటుంది. పాత్‌ఫైండర్‌లో గుర్తుంచుకోవలసిన చిన్న నియమాలు ఎక్కువే అయినా, కొత్తవారికి నేను ముందు నేర్పేది ఈ మూడు చర్యల లెక్కనే.